‘మిషన్ ఖాళీ లేదు’ అనే సూపర్‌వైజరుతో వేగడం ఎలా?

ప్రశ్న: మాది పటమట. మెకానికల్ డిప్లొమా చేసి ఆరేళ్లుగా ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేస్తున్నాను. ప్లేట్లు కోసే షీరింగ్ మిషన్, హైడ్రాలిక్ బెండింగ్ మిషన్, నాలుగు లేతులు, ఒక రేడియల్ డ్రిల్లింగ్, 5 టన్నుల క్రేను, పెద్ద కంప్రెసరు ఉన్నాయి. రెండు షిఫ్టులు, నలభై మంది. నాలుగు నెలల కిందట ఓనరుగారు నన్ను మెయింటెనెన్స్ ఇంచార్జిని చేశారు. అప్పట్నుంచి కంటి మీద కునుకు లేదు. మిషన్ కాసేపు ఆపమంటే ప్రొడక్షన్ సూపర్‌వైజరు ‘ఖాళీ లేదు, లోడు ఉంది’ అంటారు. అదే మిషన్ ఆగిపోతే ‘మెయింటెనెన్స్ వాళ్లేం పీకుతున్నారు’ అని అందరి ముందూ అరుస్తారు. మా మెకానిక్ మేస్త్రిగారికి ఇరవై రెండేళ్ల అనుభవం. నేనేం చెప్పినా ‘చూద్దాంలే’ అంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆయన సింగ్ నగర్‌లో డాబా మీద చిక్కుకుపోతే, బెండింగ్ మిషన్‌లో ఏ వాల్వు ఎటు తిప్పాలో తెలిసినవాడు లేక వారం రోజులు ఆగిపోయింది. స్పేర్లు కొందామంటే ఓనరుగారు ‘పాడైనప్పుడు చూద్దాం’ అంటారు. ఏదైనా సాఫ్ట్‌వేర్ కొనిపిస్తే దారికొస్తుందా? లేక నేనే వేరే చోటు చూసుకోనా? ఇంకొకటి, కంప్రెసరు గాలిలో నీళ్లొచ్చి పెయింటు పాడవుతోంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మా రెండోవాడి వయసు నీది. అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. నేనూ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్నే, తొమ్మిదేళ్లయినా ఆ ‘ఖాళీ లేదు, లోడు ఉంది’ అన్న మాట ఇంకా చెవిలోంచి పోలేదు.

ముందు ఆ సూపర్‌వైజరు సంగతే చూద్దాం. నీకున్న కోపమే నాకూ ఉండేది. తర్వాత నన్ను ఏడాదిన్నర పాటు ప్రొడక్షన్‌లో వేశారు, అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. మెయింటెనెన్స్‌వాడు వచ్చి ‘ఒక్క గంట ఇవ్వండి సార్’ అంటాడు. ఇస్తాం. గంట తర్వాత వెళ్లి చూస్తే మిషన్ విప్పి ఉంటుంది. రెండో గంటకి బేరింగు తేవడానికి కుర్రాడు సైకిలెక్కి వెళ్లుంటాడు. నాలుగో గంటకి ‘రేపు పొద్దున్నే ఇచ్చేస్తాం సార్’. ఇలా రెండుసార్లు దెబ్బతిన్నవాడు మూడోసారి ఇమ్మంటే ఎందుకిస్తాడు? ఆయనకి నీ గంట మీద గురి లేదు. పైకి మాత్రం ఖాళీ లేదంటాడు.

కాబట్టి నీ ఉద్యోగమంతా ఒక్క మాట మీద నడుస్తుంది: ఫలానా టైముకి మిషన్ తిరిగిస్తానని చెప్పి, ఆ టైముకి ఇవ్వడం. పన్నెండు అంటే పన్నెండుకి స్టార్టు బటన్ నొక్కి, ఒక ప్లేటు ముక్క కోసి ఆయన చేతిలో పెట్టాలి. ఒకవేళ మూడు గంటలు పడుతుందనిపిస్తే నాలుగు అడుగు, మూడున్నరకే ఇచ్చెయ్. ఇలా నాలుగైదుసార్లు జరిగాక ఆయనే నీ దగ్గరికొచ్చి ‘ఏమయ్యా, రేపు మధ్యాహ్నం షీటు రావడం లేటవుతుందట, షీరింగ్ ఖాళీ, ఏమన్నా చేసుకుంటావా’ అంటాడు. నాకు ఆ మాట వినబడటానికి ఏడు నెలలు పట్టింది.

అన్ని మిషన్లూ ఒకేసారి నెత్తిన పెట్టుకోకు. నేనైతే షీరింగ్‌తో మొదలుపెడతాను. అది ఆగితే వెనక బెండింగ్, వెల్డింగ్ అన్నీ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే కదా. మోటారు బేరింగు కూస్తోంది, బెల్టులు వదులయ్యాయి అనుకుందాం. మేస్త్రిగారు ‘రెండు గంటల పని’ అంటారు. ఆయన చెప్పింది నిజమే, పానా పట్టుకుని చేసే పని రెండు గంటలే. మిగతాదంతా వెతుకులాట. బేరింగు ఊడదీసే పుల్లర్ ఎవరి బీరువాలో ఉంది, 24 నంబరు రింగు స్పానరు ఎవరు తీశారు, మోటారు దించడానికి క్రేను కావాలంటే అది అవతల లారీ లోడింగులో ఉంది, కనెక్షన్ విప్పాల్సిన ఎలక్ట్రీషియను సెకండ్ షిఫ్టులో వస్తాడు. ఇంచార్జి అన్నవాడు ఉండేది ఈ వెతుకులాటని ముందురోజు సాయంత్రానికల్లా తేల్చేయడానికే. పనిముట్లు ఒక ట్రేలో, సామాను పక్కన అట్టపెట్టెలో, క్రేను ఆపరేటరుకీ ఎలక్ట్రీషియనుకీ టైము చెప్పేసి. మర్నాడు నువ్వు ఊరికే నిలబడి చూస్తున్నట్టు కనబడాలి. ఎవడైనా ‘మీకేం పని లేదా’ అంటే సంతోషించు.

బేరింగు దగ్గరే ఎక్కువమంది బోర్లాపడతారు కాబట్టి ఇంకాస్త చెప్తాను. మావాడొకడు ఒకసారి షాఫ్టు కొలిచి, 40 మిల్లీమీటర్లుందని షాపుకెళ్లి 6308 నంబరు బేరింగు తెచ్చాడు. మోటారులో ఉన్నది 6208. నంబరులో చివరి 08ని ఐదుతో హెచ్చవేస్తే 40, లోపలి రంధ్రం రెండింటికీ అదే. కానీ 6208 బయటి వ్యాసం 80, 6308ది 90. ఎనభై గూట్లోకి తొంభై ఎలా దిగుతుంది? షాపతని తప్పేమీ లేదు, అడిగిందే ఇచ్చాడు. అప్పటికి శనివారం సాయంత్రం ఆరున్నర. ఆ మిషన్ సోమవారం మధ్యాహ్నం దాకా పళ్లూడగొట్టినట్టు బోల్టులు విప్పుకుని పడి ఉంది. ఆ ఆదివారం మా ఇంట్లో నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. మోటారు నేమ్ ప్లేటు మీద చాలావరకు బేరింగు నంబర్లు రాసే ఉంటాయి. మసి తుడిచి చూడు, ఫోన్‌లో ఫోటో తీసుకో. కొత్తది వచ్చాక మిషన్ విప్పకముందే పెట్టె తెరిచి నంబరు కళ్లారా చదువు. ఎక్కించేటప్పుడు గ్యాసు మంట పెట్టనివ్వకు. నూనెలో 110 డిగ్రీల దాకా వేడి చేస్తే తనంతట తనే జారుతుంది, 120 దాటనివ్వొద్దు.

బెల్టులు నాలుగుంటే నాలుగూ ఒకేసారి మార్చాలి. తెగిన ఒక్కటే కొత్తది వేస్తే సాగిపోయిన మూడింటి లోడూ దాని నెత్తినే పడుతుంది. బిగింపు ఎంత అంటే, పుల్లీల మధ్య బెల్టు మీటరు పొడవుంటే నడుమ నొక్కినప్పుడు దాదాపు 16 మిల్లీమీటర్లు దిగాలి, అర మీటరైతే 8. తీగలా మోగేదాకా బిగించేవాళ్లున్నారు. నువ్వు నిన్న వేసిన బేరింగుని ఆ బిగింపే తినేస్తుంది. ఇంకో సంగతి, కొత్త బెల్టు తిరిగిన ఒకటి రెండు రోజుల్లో సాగుతుంది. అంటే మళ్లీ పది నిమిషాలు మిషన్ కావాలి. ఆ పది నిమిషాలు కూడా మొదటి రోజే అడిగి బోర్డు మీద రాసేయాలి. మూడో రోజు వెళ్లి అడిగావా, ‘మళ్లీ వచ్చావా’ అంటాడు.

బోర్డు అన్నాను కదా, సాఫ్ట్‌వేర్ ప్రశ్నకి జవాబు అదే. నలభై మంది షాపుకి నల్లబోర్డు, సుద్దముక్క చాలు. అందరూ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూసే గోడకి కొట్టించు. ఏ మిషను, ఏ రోజు, ఎన్నింటికి తీసుకుంటున్నాం, ఎన్నింటికి ఇస్తాం, ఎవరి పూచీ. ఇచ్చిన టైము పక్కన అసలు ఇచ్చిన టైము కూడా రాయి, ఆలస్యమైనా సరే దాచకుండా రాయి. వారానికోసారి, శుక్రవారం సాయంత్రమనుకో, సూపర్‌వైజరునీ మేస్త్రినీ ఆ బోర్డు ముందు పావుగంట నిలబెట్టి వచ్చే వారం మాట్లాడుకోండి. కుర్చీలు వేయకు, వేస్తే గంట పడుతుంది. డై, అంటే ప్లేటు వంచే అచ్చు, మార్చే రోజు ఏది, షీటు ఎప్పుడొస్తుంది, ఇన్‌స్పెక్షన్‌కి పార్టీ ఎప్పుడొస్తున్నారు, ఇవి ఆయన నోటివెంటే వస్తాయి. నీకు కావలసిన గంటలు వాటి సందుల్లోనే దొరుకుతాయి.

ఇక మేస్త్రిగారు. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద, పిడి చెవికి ఆనించి రోగమేంటో చెప్పేవాళ్లు వాళ్లు. ఇరవై రెండేళ్లు అలా చెప్పినవాడికి నిన్నగాక మొన్న ఇంచార్జి అయిన కుర్రాడు ‘ఇది చెయ్యి’ అంటే మనసు కలుక్కుమనదా? నువ్వు ఆయనకి పనులు చెప్పడం మానెయ్. ‘బాబాయ్, మన షాపులో ఈసారి ముందు కూలబడేది ఏది?’ అని అడుగు. ఆయన చెప్పేదాంట్లో తొంభై పాళ్లు నిజమవుతుంది. ‘ఎంతసేపు పడుతుంది?’ అని సూపర్‌వైజరు ఎదురుగానే అడుగు. ఆయన నోటితో ‘మూడు గంటలు’ అన్నాక ఆ మూడు గంటలు నీ మాట కాకుండా ఆయన మాట అవుతుంది. ఆ మాట నిలబెట్టుకోవడానికి టీ కూడా తాగడు. నేను చూశాను.

బుడమేరు వారం మళ్లీ రాకుండా ఒక పని చెయ్. బెండింగ్ మిషన్ వాల్వులకి ఎర్ర పెయింటుతో 1, 2, 3 అని నంబర్లు వేయించు. ఆయన తిప్పుతుంటే పక్కన నిలబడి ఫోన్‌లో తీయి, ఎందుకు తిప్పుతున్నారో ఆయన గొంతుతోనే చెప్పించు. అవన్నీ ఒక నోటుబుక్కులో ఆయన మాటల్లోనే రాయి, మొదటి పేజీలో ఆయన పేరు పెట్టు. తన విద్య లాక్కుని తనని పంపించేస్తారన్న భయం అలాంటివాళ్లలో ఉంటుంది, బయటికి చెప్పరు. పుస్తకం మీద పేరుంటే ఆ భయం కొంత తగ్గుతుంది. ఒక హెల్పరుని కూడా ఆయన వెంటే వదులు. ఎవరు కావాలో ఆయన్నే ఎంచుకోమను.

నువ్వు అడగలేదు కానీ ఇది చెప్పకుండా కలం పెట్టలేను. 1990ల్లో నేను ఒక ప్లేటు షాపులో పనిచేసేవాణ్ని. పేరు ఎందుకులే. ఎండాకాలం మధ్యాహ్నం షీరింగ్ మిషన్‌కి బెల్టులు వేస్తున్నాం. మెయిన్ ఆపాం. స్టార్టర్ హ్యాండిల్ మాత్రం ఆన్ వైపే ఉండిపోయింది, అది పాత రకం, కరెంటొస్తే దానంతటదే మోటారు లేచేది. హెల్పరు కుర్రాడు ‘ఫ్యూజులు కూడా తీద్దామా అన్నా’ అన్నాడు. ‘మెయిన్ ఆపాం కదరా, కానీయ్’ అన్నది నేనే. ఆఫీసులో ఫ్యాను తిరగట్లేదని ఎవరో వచ్చి కరెంటు బోర్డులో పడిపోయినట్టున్న మెయిన్ పైకెత్తారు. పుల్లీ ఒక్క చుట్టు తిరిగింది. కుర్రాడి కుడిచేతికి రెండు వేళ్లు మొదటి కణుపు దాకా పోయాయి. కింద సిమెంటు నేల మీద కొత్త బెల్టుల కాగితం చుట్ట అలాగే ఉంది, విప్పనిది కూడా ఒకటుంది. మెయిన్ వేసినతన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. అక్కడ తాళం లేదు, ‘పని జరుగుతోంది’ అని రాసిన అట్టముక్క లేదు, చెప్పే మనిషి లేడు. ఉండాల్సినవాణ్ని నేను.

అప్పట్నుంచి నేను పట్టుకున్న పద్ధతి చెప్తాను. మిషన్ మీద చెయ్యి పెట్టే ప్రతి ఒక్కడికీ తన తాళం, తన తాళంచెవి తన జేబులో. ముగ్గురు పనిచేస్తుంటే మెయిన్‌కి మూడు తాళాలు వేలాడాలి. తాళం వేశాక స్టార్టు బటన్ నొక్కి చూడు, లేవకూడదు. షీరింగ్‌లో స్విచ్ ఆపినా ఫ్లైవీల్ అనే బరువైన చక్రం కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది ఆగేదాకా గార్డు విప్పనివ్వకు. బెండింగ్ మిషన్ పైదిమ్మని కిందికి దించేయ్, లేదా కింద గట్టి దిమ్మెలు పెట్టు, నూనె ప్రెజరు సున్నా చూశాకే పైపు విప్పాలి. తాళానికి మహా అయితే కొన్ని వందలు. ఓనరుగారు మిగతా ఏదైనా కాదంటే సర్దుకో. వీటికి కాదంటే మాత్రం ఆ రోజే వేరే చోటు చూసుకో. నువ్వు అడిగిన ప్రశ్నకి నా జవాబు అంతే.

క్రేను గురించి ఒక చిన్న కిటుకు. క్రేన్లు, చైన్ బ్లాకులు, గొలుసులు ఏడాదికోసారి అర్హత ఉన్న మనిషి చేత పూర్తిగా పరీక్ష చేయించాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లోనే రాశారు. అంటే క్రేనుకి ఏడాదిలో ఒక రోజు ఎవరూ కాదనలేని సెలవు ఉన్నట్టే. ఆ తేదీ రెండు నెలల ముందే బోర్డెక్కించి, బ్రేకు లైనర్లు, రోపు, లిమిట్ స్విచ్ అన్నీ ఆ రోజుకే కట్టిపెట్టుకో.

స్పేర్ల విషయంలో ఓనరుగారి వైపు కూడా కొంత న్యాయముంది. ఆటోనగర్‌లో కూర్చుని గది నిండా స్పేర్లు కొనడం దండగ. బయట అడుగుపెడితే రీవైండింగ్, టర్నింగ్, బేరింగులు, ఆయిల్ సీళ్లు, హోస్ పైపులు అన్నీ దొరుకుతాయి. ఆ సౌకర్యం ఇంకే ఊళ్లో ఉంది? అందుకని నేను ఒక లెక్క పెట్టుకునేవాణ్ని: రెండు గంటల్లో ఆటోనగర్‌లో దొరికేది బీరువాలో పెట్టను, దొరకనిదే పెడతాను. నీ లేతులు రాజ్‌కోట్‌వో బటాలావో అయితే ఆ గేర్లు అక్కణ్నించే రావాలి, రోజులు పడుతుంది. హైడ్రాలిక్ పంపు సీల్ కిట్టు, నీ మిషన్‌కే సరిపడే వాల్వు కాయిలు, షీరింగ్ క్లచ్ పిన్ను, ఇలాంటివి పది పన్నెండు వస్తువులు తేలతాయి. ఆ చీటీ పట్టుకెళ్లి, ‘సార్, ఇది లేక పోయినసారి ఇన్ని రోజులు ఆగాం, ఇంత ఓటీ కట్టాం, ఫలానా పార్టీ డెలివరీ లేటయింది’ అని ఆయన సొంత బిల్లులతోనే చెప్పు. మెయింటెనెన్స్ గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వకు, ఏ ఓనరూ వినడు.

సంవత్సరంలో నీకు ఊరికే దొరికే రోజులు కొన్ని ఉన్నాయి. సంక్రాంతికి షాపు మూడు నాలుగు రోజులు మూస్తారు. అబ్బ, పెద్ద పనులన్నీ అప్పుడు పెట్టేద్దామనుకుంటావు. నేనూ అలాగే అనుకుని భోగి నాడు మిషన్ విప్పించాను. ఫిట్టర్లు కనుమకి ఊళ్లకెళ్లిపోయారు, బయట ఒక్క షాపు షట్టరు లేచిలేదు, నేనూ వాచ్‌మనూ మిగిలాం. పండగ పనికి మనుషుల్ని సంక్రాంతి కంటే నెల ముందే, వాళ్ల ఇళ్లల్లో అడిగి మాట తీసుకోవాలి, బదులు సెలవు ఎప్పుడిస్తావో కూడా చెప్పాలి. సామానంతా ముందే లోపలికి రావాలి.

దసరా ఆయుధపూజ ఇంకా మంచిది, ఎవరూ గమనించరు. బెజవాడలో ఏ షాపులోనైనా పూజ ముందురోజు మిషన్లని తుడిచి కడిగి తళతళలాడిస్తారు కదా. అదే ఏడాదిలోకెల్లా మంచి ఇన్‌స్పెక్షన్ రోజు. ఏడాది మడ్డి పోయాక నూనె ఎక్కడ కారుతోందో, పోత ఇనుముకి పగులు ఎక్కడుందో, ఏ బోల్టు లేదో అన్నీ కనబడతాయి. తుడిచేవాడి పక్కన సుద్దముక్క పట్టుకుని తిరుగు, కనబడినచోటల్లా గుండ్రం చుట్టు. దణ్ణం పెట్టుకోండి, నిమ్మకాయలు కట్టండి, కానీ లేత్ బెడ్డు మీద కుంకుమ చల్లి, దాని మీదే కొబ్బరికాయ కొట్టే ఆచారం మాత్రం మాన్పించు. ఆ నీళ్లు బెడ్డుకి తుప్పు, ఆ పొడి నూనెతో కలిస్తే మట్టి. గుమ్మం దగ్గర కొట్టుకోమను, అమ్మవారేమీ అనుకోదు.

ఎండాకాలం సంగతి వేరే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, హైడ్రాలిక్ నూనె ఒక లెక్కా? మేలో బెజవాడ ఎండ 45 దాకా పోయే రోజుల్లో రేకుల షెడ్డు కింద బెండింగ్ మిషన్ ట్యాంకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. 60 డిగ్రీలు దాటి పనిచేసే కొద్దీ నూనె త్వరగా పాడవుతుంది, సీళ్లు గట్టిపడతాయి. కూలర్ రెక్కల్లో దుమ్ము ఊదించడం, ఫిల్టరు మార్చడం, ఇవి మార్చి నెలాఖరుకి అయిపోవాలి. ఏప్రిల్లో పెట్టుకుంటే పెళ్లిళ్ల సీజను, సగం మంది ఉండరు.

చివరగా కంప్రెసరు. గాలిలో ఉన్న తేమే ట్యాంకులో చల్లబడి నీళ్లవుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. ట్యాంకు అడుగున డ్రెయిన్ కాక్ ఉంటుంది, చాలాచోట్ల తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది, అందుకే ఎవరూ తిప్పరు. ట్యాంకులో గాలంతా వదిలేసి, కంప్రెసరు మెయిన్‌కి తాళం వేసి, ఆ కాక్ తీసి కొత్త బాల్ వాల్వు పెట్టించు. ప్రతి షిఫ్టు ఆఖర్లో దాన్ని మెల్లగా తెరిచి, నీళ్లు పోయి పొడి గాలి వచ్చేదాకా ఉంచి మూసెయ్యాలి, ఆ పని ఎవరిదో పేరుతో బోర్డు మీద రాయి. పెయింట్ గన్ దగ్గర గాజుగిన్నెలాంటి ఫిల్టరుంటే అదీ రోజూ ఖాళీ చేయాలి. లైను పైపులో పల్లంగా ఉన్నచోట కూడా నీళ్లు నిలుస్తాయి. గన్‌కి వెళ్లే గొట్టం పైపు అడుగు నుంచి తీసి ఉంటే దాన్ని పైవైపు నుంచి తీయించు. అప్పటికీ నీళ్లు ఆగకపోతే కంప్రెసరు తర్వాత గాలిని చల్లబరిచే కూలరు పనిచేస్తోందో లేదో చూసి మళ్లీ రాయి. రాసేటప్పుడు ట్యాంకు ఎన్ని లీటర్లది, పైపు ఎంత దూరం వెళ్తోంది అన్నవి కూడా రాయి.